రాజకీయ అన్యాపదేశ కథ

రాజకీయ అన్యాపదేశ కథ అనగా పాలకులను గాని, పాలనా విధానాన్ని గాని నేరుగా పేర్కొనకుండా, జంతువుల కథగానో, ఎక్కడా లేని దేశపు కథగానో, పురాణ కథగానో చెప్పి విమర్శించే కథ, నవల లేదా నాటకం. నిరంకుశ పాలనలో నోరు విప్పడం ప్రమాదకరమైనపుడు రచయితలు ఎక్కువగా ఆశ్రయించిన ప్రక్రియ ఇది. ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్ 1945లో ప్రచురించిన యానిమల్ ఫామ్ ప్రపంచవ్యాప్తంగా దీనికి మొదటి ఉదాహరణగా చెప్పబడుతుంది. భారతదేశంలో 1975-77 నాటి అత్యవసర పరిస్థితి ముందు వెనుకల ఇటువంటి రచనలు, చలనచిత్రాలు కొన్ని వెలువడ్డాయి. తెలుగులో ఈ ధోరణి ఉత్తరాంధ్ర రచయితల వద్ద ఒక ప్రత్యేక రూపం ధరించింది. ఢిల్లీలోని నియంతను గురించి చెప్పడం కంటే, ఊరి దివాణంలోను, పోలీసు స్టేషనులోను, కోర్టు హాలులోను ఉండే చిన్న చిన్న నిరంకుశత్వాలను చూపించడం మీద వీరి దృష్టి నిలిచింది.

పేరు, అర్థం

అన్యాపదేశం అంటే ఒకరి నెపంతో మరొకరిని గురించి చెప్పడం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు అనే సామెతలో ఉన్నది కోపం దారి మళ్ళించడం. అన్యాపదేశంలో మాట దుత్తతో అన్నా అది అత్తకు వినబడాలి. ఆలంకారికులు దీనిని అప్రస్తుతప్రశంస అనే అలంకారంలో చేర్చారు. అన్యోక్తి అనే పేరు కూడా ఉన్నది. ఎదుట లేని దానిని వర్ణిస్తూ ఎదుట ఉన్నదానిని స్ఫురింపజేయడం దీని లక్షణం. నీతికథకు, దీనికి తేడా ఉన్నది. నీతికథ ఏ కాలంలోనైనా ఎవరికైనా వర్తించే నీతిని చెబుతుంది. రాజకీయ అన్యాపదేశానికి ఒక నిర్దిష్టమైన గురి ఉంటుంది, ఆ గురి ఎవరో నాటి పాఠకులకు తెలిసి ఉంటుంది.

నిరంకుశ అనే మాటలోనే ఒక అన్యాపదేశం దాగి ఉండడం గమనార్హం. అంకుశం లేని ఏనుగు అన్నది దాని మూలార్థం. మావటి అదుపులో లేని ఏనుగును చూసిన వారికి ఆ పాలన ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. కవులు కూడా నిరంకుశులే అని సంస్కృతంలో ఒక నానుడి ఉన్నది. అంటే ఒకే విశేషణాన్ని రాజుకీ కవికీ కూడా వాడారన్నమాట. ఈ వ్యాసంలో చెప్పబోయే చరిత్రలో ఎక్కువ భాగం ఈ ఇద్దరి మధ్య జరిగిన పేచీయే.

పూర్వ సాహిత్యంలో

పంచతంత్రం రాజకుమారులకు రాజనీతి నేర్పడానికి చెప్పిన కథల సంపుటి. ఇందులో మిత్రభేదం అనే భాగంలో పింగళకుడనే సింహానికి, సంజీవకమనే ఎద్దుకు కుదిరిన స్నేహాన్ని దమనకుడనే నక్క చాడీలతో చెడగొట్టి, చివరకు రాజు చేత ఎద్దును చంపిస్తుంది. ఇది రాజాస్థానం పని చేసే పద్ధతికి చక్కని వర్ణన. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రిక ద్వారా ఈ కథలు తెలుగు బడులలో పాఠాలయ్యాయి. కథల కంటే వాటి గ్రాంథిక భాషకే బడిలో ఎక్కువ ప్రాముఖ్యం లభించింది కాని, నక్క మాటలు విని సొంత మిత్రుని చంపిన సింహం మాత్రం పిల్లలకు గుర్తుండిపోయింది.

పంచతంత్రంలోని మరొక కథ సర్వాధికారానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. గంగదత్తుడనే కప్పల రాజు తన జ్ఞాతుల పోరు పడలేక, వారిని తినడానికి ప్రియదర్శనుడనే పామును తానే వెంటబెట్టుకుని నూతిలోకి తెస్తాడు. పాము మొదట జ్ఞాతులను తింటుంది. తరువాత గంగదత్తుని వారిని తింటుంది, ఆపైన అతని కొడుకును కూడా తింటుంది. గంగదత్తుడు ఏదో వంకతో నూతి నుండి బయటపడి ప్రాణాలు దక్కించుకుంటాడు. ప్రత్యర్థులను అణచడానికి ఒకరికి అపరిమితమైన అధికారం ఇస్తే ఏమవుతుందో ఇంతకంటే క్లుప్తంగా చెప్పిన కథ అరుదు.

సంస్కృత కవులలో 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర కవి భల్లటుడు, శంకరవర్మ పాలనలో పండితులకు ఆదరణ కరవైనపుడు, చెట్లు, మేఘాలు, దుమ్ము, మిణుగురు పురుగుల నెపంతో ఆ కాలపు రాజాస్థానాన్ని ఎత్తిపొడుస్తూ శతకం చెప్పాడు. కోనసీమలోని ముంగండకు చెందిన తెలుగువాడు జగన్నాథ పండితరాయలు మొగలు దర్బారులో ఉండి వ్రాసిన భామినీవిలాసంలో ఒక భాగం అంతా అన్యోక్తులే. ప్రబోధచంద్రోదయంలో వివేకుడు, మోహుడు వంటి పాత్రలు రాజులై యుద్ధం చేస్తారు. నంది మల్లయ, ఘంట సింగయ దీనిని తెలుగులో ప్రబంధంగా వ్రాశారు. అయితే అది వేదాంత విషయం, రాజకీయం కాదు.

వలస పాలనలో

కందుకూరి వీరేశలింగం వ్రాసిన సత్యరాజా పూర్వదేశ యాత్రలు స్విఫ్ట్ వ్రాసిన గలివర్ యాత్రల ప్రభావంతో పుట్టింది. స్త్రీలు పురుషులను ఏలే దేశాన్ని కల్పించి, మన దేశంలో స్త్రీలపై సాగే నిరంకుశత్వాన్ని అద్దంలో తిరగవేసి చూపించాడు. గురి ప్రభుత్వం మీద కాక సంఘం మీద ఉన్నప్పటికీ తెలుగు వచనంలో పూర్తి నిడివి అన్యాపదేశ రచనగా దీనిని చెప్పుకోవచ్చును.

బ్రిటిషు ప్రభుత్వంపై సూటిగా ఎక్కుపెట్టిన తెలుగు అన్యాపదేశాలలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన ఒక్క పద్యం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ప్రసంగించిన సందర్భానికి చెందినది. దేశం పాడియావు, ప్రజలు లేగదూడలు, తెల్లవారు దూడల మూతులు కట్టి పాలు పిండుకునే గొల్లలు. ఇందులో విప్పవలసిన రహస్యమేమీ లేదు. పోలికలన్నీ పద్యంలోనే చెప్పబడ్డాయి. పశువులున్న ప్రతి ఇంటివారికీ దూడ మూతికి చిక్కం కట్టడం తెలిసిన పనే కనుక ఆ పద్యం చదువురాని వారి నోళ్ళలో కూడా నిలిచింది. రహస్యంగా ఉండడం కంటే సుపరిచితంగా ఉండడం అన్యాపదేశానికి ఎక్కువ బలమని దీనివలన తెలుస్తున్నది.

అదే 1907లో మరాఠీ నాటకకర్త కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ కీచకవధ వ్రాశాడు. ద్రౌపది భారతదేశమని, కీచకుడు వైస్రాయి కర్జన్ అని, ఓర్పు వహించమనే ధర్మరాజు మితవాదులని, భీముడు అతివాదులని ప్రేక్షకులు వెంటనే గ్రహించారు. ప్రభుత్వం 1910లో దీనిని నిషేధించింది. నిషేధించిన అధికారులు ఒక చిక్కులో పడక తప్పలేదు. పరస్త్రీని చెరబట్టబోయిన దుర్మార్గుడి కథ తమ వైస్రాయికి సరిపోతున్నదని తామే ఒప్పుకోవలసి వచ్చింది. అన్యాపదేశాన్ని నిషేధించే ప్రతి ప్రభుత్వానికీ ఈ చిక్కు తప్పదు.

ఆర్వెల్, యానిమల్ ఫామ్

ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ 1903 జూన్ 25న బీహారులోని మోతీహారిలో జన్మించాడు. జార్జి ఆర్వెల్ అతని కలం పేరు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ 1922 నుండి 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగా పని చేశాడు. ఆ రోజులలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలాది మంది తెలుగువారు కూలి పనులకు బర్మాకు వలస పోయేవారు. ఉత్తరాంధ్రలో రంగూనును రంగం అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువారికి కొరంగీలు అనే పేరు వచ్చింది.

ఆర్వెల్ 1936లో ప్రచురించిన ఏనుగును కాల్చడం గురించిన వ్యాసంలో మదమెక్కి కట్లు తెంచుకున్న ఏనుగు ఒక కూలీని తొక్కి చంపుతుంది. ఆ కూలీ కొరంగీ అని ఆ వ్యాసం చివర ఉన్నది. ఒక కొరంగీ కూలీ ప్రాణం కంటే ఏనుగు ఖరీదు ఎక్కువ కదా అని అక్కడి తెల్లదొరలు కొందరు చర్చించుకుంటారు. సామ్రాజ్యం గురించిన ఆ ప్రసిద్ధ వ్యాసంలో బురదలో పడి ఉన్న ఆ పేరులేని మనిషి తెలుగువాడన్న సంగతి మనవారు అంతగా గమనించినట్లు కనబడదు. జనం చూస్తుండగా దొర దొరలాగే ప్రవర్తించక తప్పదు గనుక, ఇష్టం లేకపోయినా తాను ఏనుగును కాల్చానని ఆర్వెల్ చెప్పుకున్నాడు. అధికారం చలాయించేవాడు తానే ఆ వేషానికి బందీ అవుతాడన్న ఈ ఆలోచన అతని తరువాతి నవలలలో కొనసాగింది.

యానిమల్ ఫామ్‌ను ఆర్వెల్ 1943 నవంబరు, 1944 ఫిబ్రవరి మధ్య వ్రాశాడు. జోన్స్ అనే రైతు కొట్టంలోని జంతువులు తిరగబడి అతనిని తరిమివేసి, జంతువులన్నీ సమానమనే సూత్రంతో సొంత పాలన ఏర్పరచుకుంటాయి. క్రమంగా పందులు నాయకులవుతాయి. నెపోలియన్ అనే పంది, స్నోబాల్ అనే పందిని కుక్కల చేత తరిమించి సర్వాధికారి అవుతుంది. గోడ మీద వ్రాసుకున్న 7 సూత్రాలు రాత్రికి రాత్రి ఒక్కొక్కటే మారుతూ వస్తాయి. తాము మొదట ఏమి వ్రాసుకున్నామో జంతువులకు సరిగా గుర్తుండదు. గుర్తున్నవి మాట్లాడవు. చాకిరీ చేసి చేసి పడిపోయిన బాక్సర్ అనే గుర్రాన్ని ఆస్పత్రికని చెప్పి కబేళాకు అమ్మివేస్తారు. రష్యా విప్లవం, స్టాలిన్, ట్రాట్‌స్కీల వైరం, 1930లలోని విచారణలు దీనిలో వరుసగా కనబడతాయి.

రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ యూనియన్ బ్రిటన్‌కు మిత్రదేశం. అందుచేత ఈ పుస్తకాన్ని పలువురు ప్రచురణకర్తలు తిరస్కరించారు. జొనాథన్ కేప్ సంస్థ మొదట అంగీకరించి, సమాచార శాఖ అధికారి ఒకరి సలహాపై వెనుకకు తగ్గింది. ఫేబర్ సంస్థ తరఫున తిరస్కరించినవాడు కవి టి.ఎస్.ఎలియట్. చివరకు 1945 ఆగస్టు 17న సెకర్ అండ్ వార్‌బర్గ్ సంస్థ 4,500 ప్రతులతో తొలి ముద్రణ వెలువరించింది. ప్రజాస్వామ్య దేశంలో పత్రికలు, ప్రచురణకర్తలు ఎవరూ అడగకుండానే నోరు కట్టుకుంటారని ఆర్వెల్ వ్రాసిన ముందుమాట పుస్తకంలో అచ్చు కాలేదు. అది 1972లో గాని వెలుగు చూడలేదు.

ఈ పుస్తకం తరువాతి కథ కూడా చెప్పుకోదగినదే. 1947లో యుక్రేనియన్ కాందిశీకుల కోసం ముద్రించిన ప్రతులలో కొన్నిటిని జర్మనీలోని అమెరికా అధికారులు స్వాధీనం చేసుకుని సోవియట్ అధికారులకు అప్పగించారు. కొద్ది సంవత్సరాలకే అమెరికా గూఢచారి సంస్థ రహస్యంగా డబ్బు పెట్టి దీనిని 1954లో కార్టూను చిత్రంగా తీయించింది. పందులకు, మనుషులకు తేడా తెలియకుండా పోయే నవల ముగింపును అందులో మార్చివేశారు. సినిమాలో జంతువులు మళ్ళీ తిరగబడతాయి. మనుషులు కూడా దోపిడీదారులే అన్న సగం మాట ఆ విధంగా తెరమరుగైంది. సోషలిస్టునని చెప్పుకున్న రచయిత 1950లోనే మరణించాడు.

1949లో వచ్చిన 1984 అనే నవల అన్యాపదేశం కంటే భవిష్యత్ చిత్రణ అనదగినది. అందులో పార్టీ అధికారి ఓబ్రయిన్ రెండూ రెండూ కలిస్తే ఐదని ఖైదీ చేత ఒప్పించబోతాడు. పార్టీ అవసరమైతే విశ్వానికి కేంద్రం భూమియేనని కూడా వాదిస్తాడు. ఈ సన్నివేశం ఉత్తరాంధ్ర రచనల దగ్గర మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

సోవియట్ దేశంలో ఇటువంటి రచనలు దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోలేదు. జమ్యాటిన్ వ్రాసిన మేము అనే నవల 1924లో ఆంగ్లంలో వెలువడగా, స్వదేశంలో 1988లో మాత్రమే ప్రచురింపబడింది. కుక్కను మనిషిగా మార్చిన వైద్యుని కథగా బుల్గాకోవ్ 1925లో వ్రాసిన నవలిక 1987 వరకు ఆగవలసి వచ్చింది. అల్బేనియా రచయిత ఇస్మాయిల్ కదారే 1981లో ప్రజల కలలను సేకరించి పరిశీలించే ప్రభుత్వ కార్యాలయం కథ వ్రాశాడు. ఒట్టోమన్ సామ్రాజ్యం నాటి కథ అన్న ముసుగు ఎంతో కాలం నిలువలేదు, పుస్తకం నిషేధింపబడింది.

అత్యవసర పరిస్థితి

1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకంతో దేశంలో అత్యవసర పరిస్థితి అమలులోకి వచ్చింది. ఆ రోజు ఆర్వెల్ పుట్టినరోజు కావడం కేవలం కాకతాళీయం. పత్రికలపై ముందస్తు సెన్సారు విధించబడింది. ఆ మొదటి రోజులలో ఒక ఆంగ్ల దినపత్రిక వర్గీకృత ప్రకటనలలో ఒక మరణవార్త వచ్చింది. చనిపోయిన వ్యక్తి పేరును పలికితే ప్రజాస్వామ్యం అనే అర్థం వచ్చే ఆంగ్ల పదం వినబడుతుంది. భార్య పేరు సత్యం, సంతానం పేరు స్వేచ్ఛ అని స్ఫురించేలా అక్షరాలు కూర్చారు. సెన్సారు అధికారులు రాజకీయ వార్తలు చదివారు గాని చావు కబుర్ల పేజీ చదవలేదు. బహుశా మన దేశంలో అచ్చయిన అతి చిన్న రాజకీయ అన్యాపదేశ కథ ఇదే కావచ్చును.

పార్లమెంటు సభ్యుడు అమృత్ నహతా నిర్మించిన కిస్సా కుర్సీ కా అనే హిందీ చిత్రం అంతకు ముందే సెన్సారు బోర్డు ముందుకు వచ్చి ఉన్నది. జనత అనే మూగ స్త్రీ పాత్రను షబానా అజ్మీ ధరించింది. అధికారం కోసం అందరూ ఆ మూగ స్త్రీని వాడుకుంటారు. అత్యవసర పరిస్థితి కాలంలో ఆ చిత్రం ప్రతులు, నెగెటివులు స్వాధీనం చేసుకొని గుర్‌గావ్‌లోని మారుతి కర్మాగారం ఆవరణలో తగులబెట్టారు. ఈ కేసులో సంజయ్ గాంధీకి, నాటి సమాచార మంత్రి విద్యాచరణ్ శుక్లాకు 1979లో ఢిల్లీ కోర్టు శిక్ష విధించింది. 1980లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నహతా చిత్రాన్ని మళ్ళీ తీశాడు.

మలయాళ రచయిత, వ్యంగ్య చిత్రకారుడు ఓ.వి.విజయన్ వ్రాసిన ధర్మపురాణం 1975 జూలైలో ధారావాహికగా ప్రారంభం కావలసి ఉండగా అత్యవసర పరిస్థితి రావడంతో ఆగిపోయి, 1977లో వెలువడింది. ధర్మపురిని ఏలే ప్రజాపతిని జుగుప్స కలిగించే పోలికలతో వర్ణించిన ఈ నవలను ముందుగా వ్రాసి ఉంచాడన్నది ముఖ్యం. జరగబోయేది అతనికి జ్యోతిషం వల్ల తెలియలేదు. అధికారం నడక చూసినవాడికి అడుగు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1980లో తీసిన హీరక్ రాజార్ దేశే పిల్లల సినిమా. వజ్రాల రాజ్యంలో రాజు ఎదురు చెప్పినవారి బుర్రలను యంత్రంలో కడిగి భజనపద్యాలు నింపుతాడు. ఈ చిత్రంలో పాత్రలు ప్రాసలతో మాట్లాడతాయి, బడిపంతులు ఒక్కడే మామూలు వచనం మాట్లాడతాడు. చివరకు రాజునే ఆ యంత్రంలోకి తోస్తారు. అప్పుడు అతను కూడా జనంతో కలిసి తన విగ్రహాన్ని తాడు కట్టి లాగుతాడు.

తెలుగులో అత్యవసర పరిస్థితి గురించి ధర్మపురాణం అంత ప్రసిద్ధి పొందిన అన్యాపదేశ నవల లేదనే చెప్పాలి. 1977 ఎన్నికలలో ఉత్తర భారతమంతా కాంగ్రెసును ఓడించగా ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాలలో 41 ఆ పార్టీకే ఇచ్చింది. ప్రజల అనుభవం అక్కడికీ ఇక్కడికీ ఒకలాగ లేదన్నది ఒక కారణం కావచ్చును. ఉత్తరాంధ్రకు సంబంధించినంతవరకు మరొక కారణం ఉన్నది. ఇక్కడి వారికి నిరంకుశత్వం 1975లో కొత్తగా రాలేదు.

ఉత్తరాంధ్రలో

పేరులోనే గజపతి బిరుదును మోస్తున్న గజపతినగరం, దానికి అటూ ఇటూ ఉన్న విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాలు తరతరాలుగా జమీందారీ పాలనలో ఉన్నవి. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీందారులకు చట్టబద్ధత కల్పించింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి కాని దివాణాల మర్యాదలు, భయభక్తులు వెంటనే పోలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించిన తరువాత శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం తీవ్రమైంది. 1969లో ఆ ప్రాంతాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటింపబడ్డాయి. జముకుల కథలు కట్టి నేరుగా పాడిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. గజపతినగరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలో ఉన్నది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

ఈ నేపథ్యంలో ఇక్కడి రచయితలు నియంతను ఎక్కడో కల్పించవలసిన అవసరం లేకపోయింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) విశాఖపట్నంలో న్యాయవాది. అతని తొలి నవల అల్పజీవిలో సుబ్బయ్య అనే గుమాస్తాకు ప్రతివారూ అంటే భయమే. సర్వాధికారం ఎవరి భుజాల మీద నిలబడుతుందో ఆ మనిషి లోపలి చిత్రం అది. ఆరు సారా కథలలోని మాయ అనే కథలో ముత్యాలమ్మ అనే ముసలామె, అనుభవం లేని యువ న్యాయవాదికి కోర్టు, పోలీసు వ్యవహారాలు నిజానికి ఎలా నడుస్తాయో విప్పి చెబుతుంది. ఇవి వాస్తవిక కథలే. అయితే మద్యనిషేధ చట్టం అనే ఒక్క చిన్న కిటికీలోనుండి రాజ్యవ్యవస్థ మొత్తాన్ని చూపించే పద్ధతిలో అన్యాపదేశపు పోకడ ఉన్నది. అతని మరొక నవల పేరు గోవులొస్తున్నాయి జాగ్రత్త. పులి వస్తున్నదని హెచ్చరించడం లోకసహజం, గోవు వస్తున్నదని హెచ్చరించడంలోనే రావిశాస్త్రి ముద్ర కనబడుతుంది.

కాళీపట్నం రామారావు (1924-2021) కథ యజ్ఞం 1966లో యువ మాసపత్రికలో వచ్చింది. సుందరపాలెం అనే ఊరిలో అప్పల్రాముడి బాకీ తగవును గ్రామపెద్ద శ్రీరాములునాయుడు ఎంతో ఓపికగా, మర్యాదగా, ధర్మం తప్పకుండా పరిష్కరిస్తాడు. ఎవరూ కొట్టరు, తిట్టరు. తీర్పు ఫలితంగా ఆ కుటుంబానికి మిగిలేది బానిసత్వమే. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డ బానిస కాకూడదని తానే ఆ బిడ్డను నరికివేస్తాడు. కథ పేరే దీనిలోని అన్యాపదేశం. యజ్ఞంలో బలి ఉంటుంది, ఆ బలి శాస్త్రోక్తంగా, పెద్దల సమక్షంలో జరుగుతుంది. ఈ కథను ఎన్నో రకాలుగా చర్చించారు. హింస లేని నిరంకుశత్వాన్ని ఇంత నెమ్మదిగా చూపిన కథ తెలుగులో మరొకటి లేదని మాత్రం అనవచ్చును.

అసలైన అన్యాపదేశ నవలలు వ్రాసినవాడు కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి (1952-2009). విజయనగరం జిల్లా అలమండ ఇతని స్వగ్రామం. పాత్రికేయుడిగా ఈనాడు, ఉదయం వంటి పత్రికలలో పని చేశాడు. 2008లో సాక్షి దినపత్రిక ప్రారంభమైనపుడు దాని సంపాదకుడు. సింధూరం చలనచిత్రానికి సంభాషణలు వ్రాశాడు. ఖాకీవనం పోలీసు వ్యవస్థ మీద, పెంపుడు జంతువులు పత్రికారంగం మీద వచ్చిన నవలలు. రెండవదాని పేరులో ఉన్న జంతువులు ఎవరో విలేకరులకు వెంటనే అర్థమవుతుంది.

వీరబొబ్బిలి నవలలో ముఖ్యపాత్ర ఒక కుక్క. ఐశ్వర్యం పోయి ప్రగల్భాలు మాత్రం మిగిలిన అలమండ రాజుగారి దివాణంలో అది పెరుగుతుంది. దాని పేరే వీరబొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం, రంగారావు, తాండ్ర పాపారాయుడు ఈ ప్రాంతంలో ఎంత భక్తితో తలచుకోబడతారో తెలిసినవారికి ఆ పేరు కుక్కకు పెట్టడంలోని తెగువ అర్థమవుతుంది. ఆర్వెల్ జంతువులు తిరగబడి అధికారం చేజిక్కించుకుంటాయి. పతంజలి కుక్కకు తిరుగుబాటు ఆలోచన లేదు, యజమానుల వంశగౌరవాన్ని తన గౌరవంగా భావించి అది మరింత రాజసం ఒలకబోస్తుంది. విజయనగరం జిల్లా రాజుల ఇళ్ళలో వినబడే మాటతీరు, ఆ దర్పం, ఆ అమాయకత్వం అన్నీ ఇందులో ఉన్నవి. పతంజలి తానూ అదే రాజుల కుటుంబాలలో పుట్టినవాడు కావడం వలన ఎగతాళిలో కూడా ఆత్మీయత పోలేదు.

గోపాత్రుడు నవలలో భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉన్నదన్న వాదం బయలుదేరుతుంది. ఆ వాదం మీద అలమండ రెండు పక్షాలుగా చీలుతుంది. దాని తరువాయి అయిన పిలకతిరుగుడు పువ్వులో ఆ తగాదా న్యాయస్థానానికి వెళుతుంది. భూమి ఆకారం సాక్షులను, వకీళ్ళను, తీర్పును ఆశ్రయించవలసిన సంగతి అవుతుంది. ఇక్కడ 1984లోని ఓబ్రయిన్ జ్ఞాపకం వస్తాడు. అయితే ఆర్వెల్ ఖైదీ ఒంటరిగా యాతనలు పడి అబద్ధాన్ని నమ్మవలసి వస్తుంది. అలమండలో ఎవరూ ఎవరినీ యాతన పెట్టి నమ్మించనక్కరలేదు. ఎవరి పక్షంవారు చెప్పినది వారికి నిజం. నిజం ఏమిటన్నది ఎవరి వెనుక ఎందరున్నారన్న దానిపై ఆధారపడే ఊళ్ళో, సర్వాధికారికి చేయవలసిన పని ఎక్కువ ఉండదు. పగలబడి నవ్వించే ఈ రెండు నవలలలో పాఠకుని భయపెట్టే అంశం ఇదే.

పరిమితులు, విమర్శలు

అన్యాపదేశ కథకు తాళంచెవి కావాలి. కాలం గడిచేకొద్దీ ఆ తాళంచెవి పోతుంది. యానిమల్ ఫామ్‌ను పిల్లలు జంతువుల కథగానే చదువుతారు. ముళ్ళపూడి వెంకటరమణ బేతాళ కథల ధోరణిలో వ్రాసిన రాజకీయ బేతాళ పంచవింశతిలోని నాయకులు ఎవరో నేటి పాఠకులకు ఎవరైనా చెప్పవలసిందే, హాస్యం మాత్రం చెప్పకుండానే తెలుస్తుంది. ఎవరికి కావలసినట్లు వారు అన్వయించుకొనే వీలు ఉండడం మరొక లోపం. ఒక ప్రభుత్వానికి వ్యతిరేకంగా వ్రాసినదాన్ని దాని ప్రత్యర్థి ప్రభుత్వం ప్రచారానికి వాడుకోగలదు, 1954 నాటి కార్టూను చిత్రం విషయంలో అదే జరిగింది.

ముసుగు వేసుకోవడం పిరికితనమని, ఉన్నమాట ఉన్నట్లు చెప్పాలని విప్లవ సాహిత్యోద్యమంలో వాదించినవారు ఉన్నారు. పాణిగ్రాహి వలె పాడినవారికి ఆ మాట అనే హక్కు ఉన్నది. ముసుగు ఉన్నంత మాత్రాన రచయితకు రక్షణ దొరుకుతుందని కూడా చెప్పలేము, కీచకవధ నిషేధింపబడింది, కిస్సా కుర్సీ కా కాలిబూడిదైంది. అయితే పతంజలి నవలల విషయంలో ఈ వాదం సరిగా అతకదు. అతను ఖాకీవనంలో పోలీసులను పోలీసులనే అన్నాడు, అలమండను అలమండ అనే అన్నాడు, రాజులను రాజులనే అన్నాడు. భయపడి పేర్లు మార్చిన జాడ వాటిలో లేదు. అతని కథలో మారినది కుక్కకు వచ్చిన మాట ఒక్కటే, భూమికి వచ్చిన ఆకారం ఒక్కటే.